పిల్లల చేతివాటం, మన దిద్దుబాటు

పిల్లల చేతివాటం గురించి మన ఇళ్ళలో రెండు నమ్మకాలు ఎప్పుడూ పక్కపక్కనే ఉంటాయి. పసివాడు ఎడమచేత్తో గిలక అందుకోగానే అది మేనమామ పోలిక అని, తాత పోలిక అని, పుట్టుకతో వచ్చిందని అంటాం. అదే పిల్లవాడు నాలుగేళ్ళకు ఎడమచేత్తో బలపం పట్టుకుంటే మాత్రం, నాలుగు నెలలు గట్టిగా అలవాటు చేస్తే చెయ్యి మారిపోతుందని అంటాం. పుట్టుకతో వచ్చినదైతే అలవాటుతో ఎలా పోతుంది, అలవాటుతో పోయేదైతే పోలిక ఎలా అవుతుంది అన్న ప్రశ్న ఎవరూ వేసుకోరు. ప్రాథమిక పాఠశాలలో చాలా ఏళ్ళు ఒకటో తరగతి పిల్లలకు అక్షరాలు దిద్దించినదాన్ని కనుక ఆ ప్రశ్న నన్ను వదిలిపెట్టలేదు. చదివినంత చదివి, చూసినంత చూసి నేను చేరుకున్న అభిప్రాయం ఇది. సాధన పిల్లల చేతికి ఒక్కొక్క పనిలో నేర్పును ఇస్తుంది. ఆ నేర్పు నిజమైనది, మెదడులో జాడ వదిలేంత గట్టిది. అయితే ఎవరూ నేర్పని కొత్త పని ఎదురైనప్పుడు ఏ చెయ్యి ముందుకు వస్తుందన్నది సాధన చేతిలో ఉండదు. అందుచేత అక్షరాలు దిద్దే వయసులో చెయ్యి మార్చడానికి పెట్టే కాలమంతా పిల్లలకు అక్షరాల మీద పెట్టవలసిన కాలమని, ఆ దిద్దుబాటు మనం మానుకోవాలని నా వాదన.

ముందుగా పుట్టుక సంగతి. బెల్‌ఫాస్ట్‌లోని క్వీన్స్ విశ్వవిద్యాలయంలో పీటర్ హెపర్ బృందం అల్ట్రాసౌండ్ ద్వారా గర్భస్థ శిశువులను గమనించింది. గర్భం 15 వారాలు దాటేసరికే శిశువులు బొటనవేలు నోట్లో పెట్టుకుంటారు, వారిలో అత్యధికులు కుడి బొటనవేలినే పెట్టుకుంటారు. అలా గమనించినవారిలో 75 మందిని 10 నుంచి 12 ఏళ్ళ వయసులో మళ్ళీ పరీక్షించి, ఆ ఫలితాలను 2005లో ప్రచురించారు. కడుపులో కుడి బొటనవేలు చీకిన 60 మందీ కుడిచేతివాటం వాళ్ళయ్యారు. ఎడమ బొటనవేలు చీకిన 15 మందిలో 10 మంది ఎడమచేతివాటం వాళ్ళుగా, 5 మంది కుడిచేతివాటం వాళ్ళుగా తేలారు. అన్నప్రాశనకు, అక్షరాభ్యాసానికి, బామ్మ మందలింపుకు ఎంతో ముందే, ఎవరి అలవాటూ సోకని చోట ఈ మొగ్గు మొదలవుతోందన్నమాట. ఎడమవైపు నుంచి కుడివైపుకు వచ్చిన ఆ అయిదుగురు నన్ను ఆలోచింపజేస్తారు. కుడివైపు నుంచి ఎడమవైపుకు ఒక్కరూ రాలేదు. కుడిచేతి లోకంలో పెరగడం వల్ల కొందరి మొగ్గు మారి ఉండవచ్చు. మొగ్గు మొదటినుంచీ బలహీనంగా ఉన్నవారి విషయంలో పరిసరాలకు కొంత పాత్ర ఉందని ఒప్పుకోవడానికి నాకు అభ్యంతరం లేదు.

ఇక్కడ చదువుకున్నవాళ్ళు సైతం పొరబడే చోటు ఒకటి ఉంది. కవలల మీద జరిగిన పెద్ద అధ్యయనాల ప్రకారం చేతివాటంలో మనుషుల మధ్య కనిపించే తేడాలలో సుమారు నాలుగో వంతుకే జన్యువులు కారణం. ఒకే అండం నుంచి పుట్టిన కవలలలో కూడా ఒకరిది కుడివాటం, మరొకరిది ఎడమవాటం కావడం అరుదేమీ కాదు. 17 లక్షలకు పైగా జనాభాను పరిశీలించి 2020లో వెలువడిన జన్యు అధ్యయనం మన జన్యుపదార్థంలో ఎడమచేతివాటంతో ముడిపడిన చోట్లను 41 గుర్తించింది. వాటిలో ఏ ఒక్కటీ తనంతట తాను వాటాన్ని నిర్ణయించేది కాదు. ఇది విన్నవాళ్ళు, నాలుగో వంతే జన్యువులైతే మిగిలిన మూడు వంతులు పెంపకమే కదా అంటారు. ఆ లెక్క తప్పు. అవే కవలల అధ్యయనాలలో ఒకే ఇంట్లో పెరగడం వల్ల వచ్చే పోలిక దాదాపు శూన్యమని తేలింది. 1980లో వచ్చిన దత్తత పిల్లల అధ్యయనంలో పిల్లల చేతివాటానికి కన్నవారి వాటంతో సంబంధం కనిపించింది కాని, పెంచినవారి వాటంతో కనిపించలేదు. ఇరవై నాలుగు గంటలూ పెంచిన తల్లి చేతిని చూస్తూ ఎదిగిన పిల్లలకు ఆ తల్లి వాటం అంటకపోతే, మిగిలిన మూడు వంతులను పెంపకం ఖాతాలో వేయడానికి ఆధారం లేదు. పిండం ఎదిగే దశలో కుడి ఎడమల మధ్య ఏర్పడే చిన్నచిన్న తేడాలలో యాదృచ్ఛికతకు పెద్ద వాటా ఉంటుందన్నది ఇప్పటి శాస్త్రవేత్తలలో చాలామంది మొగ్గుచూపే వివరణ. జన్యువులు కానిదంతా అలవాటే అనుకోవడం మనం మానుకోవాలి.

అంతమాత్రాన సాధనను తక్కువ చేయడం నా ఉద్దేశం కాదు. అది చేయగలిగినది చూస్తే ఆశ్చర్యం కలుగుతుంది. వీణ వాయించే అమ్మాయిని చూడండి. కుడిచేతి వేళ్ళు తీగను మీటుతాయి, ఎడమచేతి వేళ్ళు మెట్ల మీద తీగను నొక్కుతూ, లాగుతూ గమకాలు పలికిస్తాయి. వీణలో రాగానికి ప్రాణం పోసే పని చాలావరకు ఎడమచేతిదే. వయొలిన్ కూడా అంతే. కుడిచెయ్యి కమాను పడితే స్వరస్థానాలన్నీ ఎడమచేతి వేళ్ళ కిందే ఉంటాయి. విజయనగరంలోనో బొబ్బిలిలోనో పదేళ్ళు సంగీతం నేర్చుకున్న కుడిచేతివాటం పిల్లల ఎడమచేతి వేళ్ళు చూపే నిశితత్వం మామూలు మనిషి కుడిచేతికి కూడా ఉండదు. 1995లో థామస్ ఎల్బర్ట్ బృందం తీగ వాద్యాలు వాయించేవారి మెదడులను పరిశీలించినప్పుడు, ఎడమచేతి వేళ్ళ స్పర్శకు కేటాయించిన ప్రాంతం మామూలు వారికన్నా పెద్దదిగా కనిపించింది. ఎంత చిన్న వయసులో సాధన మొదలుపెడితే ఆ పెరుగుదల అంత ఎక్కువగా ఉంది. ఇంతకన్నా పెద్ద నిదర్శనం సాధనకు ఏం కావాలి! అయినా ఆ అమ్మాయి వీణ పక్కన పెట్టి సూదిలో దారం ఎక్కించేటప్పుడు, పెన్ను తీసుకునేటప్పుడు, రాయి విసిరేటప్పుడు మళ్ళీ కుడిచెయ్యే ముందుకు వస్తుంది. ఎడమచేతికి వచ్చిన అపారమైన నేర్పు వీణ మెట్ల మీదే ఉండిపోయింది.

టైపు నేర్చుకున్నవారి విషయంలోనూ ఇదే కనిపిస్తుంది. కంప్యూటర్లు రాకముందు మన చిన్న పట్టణాలన్నింటిలో ఉండిన టైపు ఇన్‌స్టిట్యూట్లలో లోయరు, హయ్యరు పరీక్షల కోసం ఏ ఎస్ డి ఎఫ్ అంటూ నెలల తరబడి వేళ్ళు ఆడించినవారికి ఈ సంగతి అనుభవమే. ఆంగ్ల అక్షరాల కీబోర్డులో ఎడమచేతి మీదే సగానికి పైగా భారం పడుతుంది. 1968లో ప్రోవిన్స్, గ్లెన్‌క్రాస్ అనే పరిశోధకులు వృత్తిలో ఉన్న టైపిస్టులను పరీక్షిస్తే, టైపు కొట్టడంలో ఎడమచెయ్యి కుడిచేతికి ఏమీ తీసిపోలేదు. చేతిరాతకు వచ్చేసరికి మాత్రం కుడిచేతి ఆధిక్యం ఎప్పటిలాగే ఉంది. పనిలో సమానత్వం ఆ పనికే పరిమితమైంది.

ఇంకా దగ్గరి ఉదాహరణ మన భోజనాల దగ్గరే ఉంది. దీన్ని ఎవరూ ఎందుకు పట్టించుకోలేదా అని నేను తరచు అనుకుంటాను. మనం కుడిచేత్తో కలుపుకుని తింటాం కనుక ఆ చెయ్యి ఎంగిలి. మంచినీళ్ళ గ్లాసు ఎత్తడం, గరిటెతో చారు వేసుకోవడం, నేతిగిన్నె జరుపుకోవడం అన్నీ ఎడమచేత్తోనే. ఊహ తెలిసినప్పటినుంచి రోజుకు రెండుమూడు పూటలు, జీవితాంతం, ప్రతి తెలుగు ఇంట్లో కుడిచేతివాటం వాళ్ళందరూ ఎడమచేతికి ఇస్తున్న శిక్షణ ఇది. చారు ఒలకకుండా పోసుకోవడం చిన్న నేర్పేమీ కాదు. అలవాటుకు వాటాన్ని మార్చే శక్తి ఉంటే, కత్తీ ముల్లూ పట్టే దేశాలవారికన్నా మనలో ఎడమచేతివాటం కొంతైనా ఎక్కువ ఉండాలి. అలాంటిదేమీ లేదు. భోజనం ముగించి చెయ్యి కడుక్కున్న మరుక్షణం, తాళం తీయడానికి కుడిచెయ్యే వెళుతుంది.

అయితే సమాజం పట్టుబట్టినప్పుడు ఎంతవరకు మార్చగలదో, ఎక్కడ ఆగిపోతుందో స్పష్టంగా చూపిన అధ్యయనం ఒకటి 1976లో తైవాన్ నుంచి వచ్చింది. అక్కడి బడులలోను ఇళ్ళలోను ఎడమచేత్తో రాయడాన్ని, తినడాన్ని ఆ రోజుల్లో గట్టిగా దిద్దేవారు. నాలుగు వేలకు పైగా మందిని పరిశీలిస్తే ఎడమచేత్తో రాసేవారు 0.7 శాతం, ఎడమచేత్తో తినేవారు 1.5 శాతం మాత్రమే కనిపించారు. ప్రపంచవ్యాప్తంగా 20 లక్షలకు పైగా మందికి సంబంధించిన సమాచారాన్ని కలిపి చూసిన 2020 నాటి లెక్క ప్రకారం ఎడమచేతివాటం 10.6 శాతం ఉంటుంది. ఆ లెక్కన చూస్తే తైవాన్ పెద్దల పట్టుదల అద్భుతంగా ఫలించినట్టే. కాని ఎవరూ దిద్దని మిగతా పనుల మీద ఆ ఒత్తిడి ప్రభావం అంతగా కనబడలేదు. దిద్దిన పనులే మారాయి.

ఈ అధ్యయనం చదివినప్పుడు నాకు మా పెద్దక్క గుర్తుకు వచ్చింది. ఆమె పుట్టుకతో ఎడమచేతివాటం మనిషి. బడిలో చేతి మీద బెత్తం దెబ్బలు, ఇంట్లో నాన్నమ్మ కట్టడి కలిసి ఆమెను కుడిచేత్తో రాసేలా, తినేలా, ముగ్గు వేసేలా చేశాయి. ఈ మూడు పనులూ ఆమె కుడిచేత్తోనే, చక్కగా చేస్తుంది. ఆమె చేతిరాత ముత్యాల్లా ఉంటుంది. కాని చీపురు పట్టేది, కత్తిపీట మీద కూరగాయ నడిపేది, మామిడికాయ రాలగొట్టడానికి రాయి విసిరేది, కొబ్బరి తురిమేది, మనవరాలికి జడ వేసేటప్పుడు పాయ తిప్పేది అన్నీ ఎడమచేత్తోనే. ఈమధ్య స్మార్ట్‌ఫోను వచ్చింది; దాని మీద వేలు కదిపే పని ఆమెకు ఎవరూ నేర్పలేదు, ఎవరూ దిద్దలేదు. ఆమె ఎడమచేతి చూపుడువేలితో కదుపుతుంది. అరవై ఏళ్ళకు పైగా కుడిచేత్తో రాసిన మనిషికి కూడా కొత్త పనికి ఎడమచెయ్యే లేచింది. మా ఊళ్ళో రైతులు కోడెదూడను కాడికి అలవాటు చేసేటప్పుడు అది దాపటి వైపు, అంటే ఎడమవైపు, బాగా నడుస్తుందో వలపటి వైపు, అంటే కుడివైపు, నడుస్తుందో ముందు చూసుకుని, ఆ తరువాతే ఆ వైపున మాలిమి చేసేవారు. పశువు దగ్గర పాటించిన ఈ వివేకం పిల్లల దగ్గర మనకు లేకపోవడం నాకు ఎప్పుడూ బాధ కలిగిస్తుంది.

చెయ్యి మారిన మనుషుల మెదడులో ఏం జరుగుతుందన్నది కూడా ఇప్పుడు కొంత తెలుసు. చిన్నతనంలో బలవంతంగా కుడిచేతి రాతకు మారిన జర్మన్లను పరిశోధకులు మెదడు చిత్రాల ద్వారా పరిశీలించి 2002లోను, 2007లోను ఫలితాలు ప్రచురించారు. కదలికను నేరుగా నడిపే భాగాలు, ఏళ్ళ తరబడి వాడిన కుడిచేతికి తగ్గట్టు కొంత సర్దుకున్నాయి. కదలికను ముందుగా ఊహించి, క్రమం అల్లే భాగాలలో మాత్రం ఎడమచేతివాటం వాళ్ళలో కనిపించే కుడి అర్ధగోళపు చురుకుదనం అలాగే మిగిలింది. వారు దశాబ్దాలుగా కుడిచేత్తో రాస్తున్నవారే. అంటే వాళ్ళు రాసే ప్రతి వాక్యం వెనుక పాత మొగ్గు ఇంకా పనిచేస్తూనే ఉంది. సాధన దాన్ని తుడిచివేయలేదు, దాని మీద మరొక పొర వేసింది. ఇందువల్ల ఎంత శ్రమ అదనంగా పడుతుందో చిత్రాలు చెప్పవు కాని, ఒకటో తరగతి పిల్లవాడి ముఖంలో ఆ శ్రమ నేను చూశాను. ఎడమచేతిని వీపు వెనక్కు పెట్టుకోమంటే పెట్టుకుని, కుడిచేత్తో 'అ' దిద్దడానికి పెదవి బిగించే పిల్లవాడికి ఆ అక్షరం ఆకారం మీద ధ్యాస మిగలదు. పక్క పిల్లవాడు అక్షరాన్ని నేర్చుకుంటుంటే ఇతడు చేతిని నేర్చుకుంటుంటాడు. ఆరు నెలల తరువాత ఇతణ్ణి మందబుద్ధి అంటారు.

ఇక్కడ ఒక విషయంలో జాగ్రత్తగా మాట్లాడాలి. చెయ్యి మారిస్తే నత్తి వస్తుందని మనవాళ్ళలో గట్టి నమ్మకం ఉంది. బ్రిటన్ రాజు ఆరవ జార్జి చిన్నతనంలో ఎడమచేతివాటం ఉన్నవాడని, చెయ్యి మార్పించారని, ఆయనకు నత్తి ఉండేదని అందరూ ఉదాహరణగా చెబుతారు. 1920లు, 30లలో అమెరికాలోని అయోవా విశ్వవిద్యాలయంలో ఈ సిద్ధాంతం మీద చాలా పని జరిగింది. అక్కడే చదువుకుని తరువాత ప్రసిద్ధ నత్తి పరిశోధకుడైన వెండెల్ జాన్సన్ తన నత్తి పోతుందని ఎడమచేతిని అలవాటు చేసుకున్నాడు. ఏళ్ళు గడిచినా నత్తి పోలేదు. తరువాతి పరిశోధనలు కూడా ఆ సిద్ధాంతాన్ని బలపరచలేదు. చెయ్యి మార్చడానికి నేను వ్యతిరేకినే అయినా, తల్లిదండ్రులను ఈ భయం చూపి ఒప్పించడం నాకు ఇష్టం లేదు. బలహీనమైన ఆధారంతో గెలిచిన వాదం మరొక బలహీనమైన ఆధారంతో ఓడిపోతుంది. కొట్టి, సిగ్గుపరచి, పదేపదే ఆపి నేర్పించే పద్ధతి పిల్లలను బడికి దూరం చేస్తుందన్నది చాలు.

దీనికి ఎదురుగా క్రీడాకారులను చూపేవాళ్ళుంటారు. సచిన్ టెండూల్కర్ ఎడమచేత్తో రాస్తాడు, కుడిచేత్తో బ్యాటింగ్ చేశాడు. సౌరవ్ గంగూలీ కుడిచేత్తో రాస్తాడు, కుడిచేత్తోనే బౌలింగ్ చేశాడు, అన్న వాడే ఎడమచేతి సరంజామా ఇంట్లో ఉండడంతో ఎడమచేతి బ్యాటరయ్యాడు. టెన్నిస్‌లో రఫేల్ నడాల్ ఎడమచేత్తో ఆడి, కుడిచేత్తో రాస్తాడు. చెయ్యి మార్చుకుంటే నష్టం లేదని వీరిని చూసి అనుకోవచ్చు కదా అంటారు. నిజానికి వీరు నా వాదానికే సాక్షులు. గంగూలీ ఎంత కాలం ఎడమవైపు నిలబడి ఆడినా బంతి వేయడానికి, సంతకం పెట్టడానికి కుడిచెయ్యే వచ్చింది. పైగా బ్యాటింగ్ రెండు చేతులతో చేసే పని. నిపుణులైన బ్యాటర్లలో గంగూలీలాగే బలమైన చేతిని పిడి పైభాగాన ఉంచి ఆడేవారు సాధారణ ఆటగాళ్ళలో కన్నా చాలా ఎక్కువ అని 2016లో వచ్చిన ఒక అధ్యయనం చూపింది. వీరిని ఎవరూ బెత్తంతో ఎడమవైపుకు తిప్పలేదు. మన విరాటపర్వంలో అర్జునుడు కూడా తన రెండు చేతులూ కుడిచేతులేనని చెప్పుకున్నది గాండీవం లాగడం గురించే.

రెండు చేతులనూ సమానం చేయాలన్న ఆశ చాలా పాతది. చేతులు పుట్టుకతో సమానమేనని, దాదుల, తల్లుల తెలివితక్కువతనం వల్ల మనం ఒక చేత అవిటివాళ్ళం అవుతున్నామని ప్లేటో రాశాడు. కుడిచెయ్యి ప్రకృతి సిద్ధంగానే బలమైనదని, అయినా సాధనతో ఎవరైనా రెండు చేతులనూ వాడగలరని అరిస్టాటిల్ అన్నాడు. ఇన్ని పరిశోధనల తరువాత కూడా అరిస్టాటిల్ మాటే సత్యానికి దగ్గరగా ఉందని నాకనిపిస్తుంది. 20వ శతాబ్దం మొదట్లో ఇంగ్లండులో జాన్ జాక్సన్ అనే ఆయన రెండు చేతుల విద్య కోసం పెద్ద ఉద్యమమే నడిపాడు. రెండు చేతులతో రాస్తే మెదడు రెండు భాగాలూ సమానంగా వికసిస్తాయని ఆయన వాదం. ఆయన 1905 పుస్తకానికి స్కౌట్ ఉద్యమ స్థాపకుడు బేడెన్ పవెల్ ముందుమాట రాశాడు. రెండేళ్ళకే వైద్యుడు జేమ్స్ క్రిచ్టన్ బ్రౌన్ దాన్ని తీవ్రంగా ఖండించాడు, ఉద్యమం నెమ్మదిగా కనుమరుగైంది. మన దేశంలో మధ్యప్రదేశ్‌లోని సింగ్రౌలి జిల్లా బుధేలా గ్రామంలో వీణావాదిని పాఠశాల పిల్లలు రెండు చేతులతో రాయడం వార్తలలో చాలాసార్లు వచ్చింది. ఆ పిల్లల నేర్పు అబ్బురపరిచేది, వారి గురువుల ఓపిక గౌరవించదగినది. చిన్నవయసులో సాధన చేస్తే మొగ్గు లేని చేతికి కూడా రాత వస్తుందని వారు నిరూపించారు. ఆ రాత వల్ల తెలివి రెట్టింపవుతుందన్న మాటకు మాత్రం ఆధారం లేదు. పుట్టుకతో ఏ చేతికీ మొగ్గు లేని పిల్లల గురించి 2010లో ఫిన్లండ్ నుంచి వచ్చిన అధ్యయనంలో వారికి భాషలో, చదువులో ఇబ్బందులు మిగతావారికన్నా ఎక్కువ కనిపించాయి. సాధనతో రెండో చేతిని నేర్పితే అలా అవుతుందని దాని అర్థం కాదు. రెండు చేతుల సమానత్వం దానంతట అదే వరం అనుకోవడం సరికాదని మాత్రం అది చెబుతుంది.

ఒక్క చోట మాత్రం బలవంతపు సాధనే మందు. ఆ సంగతి తెలియక మన ఊళ్ళలో ఎందరో పిల్లలకు విలువైన కాలం వృథా అవుతోంది కనుక కొంచెం వివరంగా చెబుతాను. ఏడాది లోపు పిల్లలు మామూలుగా రెండు చేతులనూ వాడతారు. ఒకవైపు మొగ్గు లీలగా కనిపించినా స్థిరపడదు. ఏడాది నిండకముందే బిడ్డ ఎప్పుడూ ఒక చేతినే చాపుతూ, రెండో చేతిని పిడికిలి బిగించి ఒంటికి దగ్గరగా పెట్టుకుంటుంటే, అది పుర్రచెయ్యి అనో కుడివాటం అనో మురిసిపోకూడదు. మెదడుకు ఒకవైపు దెబ్బ తగిలి రెండో వైపు చెయ్యి బలహీనపడిన సూచన కావచ్చు; పిల్లల వైద్యుడికి వెంటనే చూపించాలి. అలాంటి పిల్లలు బలహీనమైన చేతిని వాడబోయి విఫలమై, క్రమంగా దాన్ని వాడడమే మానేస్తారు. వాడకపోవడం కూడా నేర్చుకున్న అలవాటేనని ఎడ్వర్డ్ టాబ్ అనే అమెరికా శాస్త్రవేత్త గుర్తించాడు. బాగున్న చేతికి తొడుగు వేసి, బలహీనమైన చేతితో రోజూ గంటల తరబడి కొన్ని వారాల పాటు ఆటలు ఆడించే చికిత్సకు ఆయన పరిశోధనే మూలం. ఆ చికిత్స వల్ల పిల్లల చేతి వాడకం మెరుగవుతుందని చాలా అధ్యయనాలు చూపాయి. కాన్పు సమయంలో కుడిభుజం నరాలు దెబ్బతిన్న పిల్లలలో చాలామంది ఎడమచేతివాటం వాళ్ళుగా ఎదుగుతారన్నది కూడా నిజమే. పుట్టిన క్షణం నుంచి ఒక చెయ్యి పనికి రాకపోతే మొగ్గు సైతం మారుతుంది. మనం పలక దగ్గర చేసే దిద్దుబాటు ఆ స్థాయిది కాదు, ఆరోగ్యంగా ఉన్న చేతిని కట్టేయడానికి అది సాకు కాకూడదు.

సంప్రదాయం సంగతి కూడా చెప్పాలి. పిల్లలకు కుడిచేత్తో అన్నం తినడం నేర్పడానికి నేను వ్యతిరేకిని కాను. అది మన పంక్తి మర్యాద, కలుపుకుని నోట్లో పెట్టుకోవడానికి కావలసిన నేర్పు తక్కువ, ఎడమచేతివాటం పిల్లలకు కూడా నవ్వుతూ చెబితే అలవాటవుతుంది. అక్షరాభ్యాసం రోజున బాసరలోనైనా ఇంటి దగ్గరైనా బిడ్డ కుడిచెయ్యి పట్టుకుని పళ్ళెంలో బియ్యం మీద ఓం నమః శివాయ రాయించడం ఒక పూజ. ఆ ఒక్క రోజు రాత ఎవరి వాటాన్నీ పాడుచేయదు. మరునాటి నుంచి బలపం మాత్రం బిడ్డ ఏ చేత్తో అందుకుంటే ఆ చేతిలోనే ఉండాలి. రాత వేరు. రోజూ గంటలపాటు, పదిహేనేళ్ళ చదువంతా, పరీక్ష హాలులో గడియారం చూసుకుంటూ చేయవలసిన పని అది. తిండి దగ్గర సులువుగా జరిగిన మార్పును చూసి రాత దగ్గర కూడా అంతే సులువనుకోవడం వల్లనే చాలా ఇళ్ళలో గొడవ మొదలవుతుంది.

మూడేళ్ళు దాటిన పిల్లల వాటం తెలుసుకోవడానికి పెద్ద పరీక్షలు అక్కరలేదు. వస్తువును ఎప్పుడూ సరిగ్గా బిడ్డ ఎదుట మధ్యలో పెట్టాలి. మనం కుడివైపుకు అందిస్తే ఏ బిడ్డైనా కుడిచేత్తోనే తీసుకుంటుంది. మూత తిప్పేటప్పుడు డబ్బాను పట్టుకున్న చేతిని కాక తిప్పుతున్న చేతిని చూడాలి. బంతి విసరడం, పూసలు గుచ్చడం, బ్రష్షుతో పళ్ళు తోముకోవడం, మట్టి తవ్వడం కొన్ని వారాలు గమనిస్తే చాలామంది విషయంలో అనుమానమే ఉండదు. అయిదేళ్ళు దగ్గరపడుతున్నా ఒకసారి ఈ చెయ్యి, ఒకసారి ఆ చెయ్యి వాడే పిల్లలు కొందరుంటారు. వారి విషయంలో మాత్రం సాధన అండగా నిలుస్తుంది. రెండు చేతులతోనూ ఆటలాడించి, ఏ చేతి గీత తిన్నగా, అలసట లేకుండా వస్తోందో చూసి, రాతకు ఆ చేతినే ప్రోత్సహించాలి. అది కుడిచెయ్యే అయితే మంచిదేనని, ఎడమచెయ్యి అయితే అయ్యో అని అనుకోకుండా చూడగలిగిన పెద్దలు అవసరం.

ఎడమచేత్తో రాసే బిడ్డకు కావలసిన సాధన వేరు, దాన్ని మన ఉపాధ్యాయ శిక్షణలో నేర్పడం నేను చూడలేదు. తెలుగు ఎడమ నుంచి కుడికి రాస్తాం కనుక కుడిచేతివాడు బలపాన్ని లాగుతూ వెళతాడు, ఎడమచేతివాడు నెట్టుకుంటూ వెళతాడు. రాసిన అక్షరం అతని అరచేతి కిందే ఉండి పలక మీద చెరిగిపోతుంది, పుస్తకంలో అలుక్కుపోతుంది. అది తప్పించుకోవడానికి పిల్లలు మణికట్టును పైనుంచి కొంకిలా వంచుతారు, ఆ వంపు ఒకసారి అలవాటైతే జీవితాంతం ఉంటుంది. మొదటి వారాల్లోనే పుస్తకాన్ని బిడ్డ శరీరానికి మధ్యలో కాక కొంచెం ఎడమవైపుకు జరిపి, పై అంచు కుడివైపుకు వాలేలా తిప్పి పెట్టాలి. పెన్సిలును మొన నుంచి రెండుమూడు సెంటీమీటర్లు పైకి పట్టుకోమంటే రాస్తున్నది కనిపిస్తుంది. సున్నా చుట్టడంలో ఎడమచేతి పిల్లలలో చాలామందికి మనం చూపించే దిశకు ఎదురు దిశ సుఖంగా ఉంటుంది. తెలుగు అక్షరాలన్నీ గుండ్రాలే కనుక అక్షరం చివరికి సరిగ్గా వచ్చిందా అని చూడాలి కాని, ఎటునుంచి తిప్పాడని చెయ్యి పట్టుకోకూడదు. వారి చేతిని మన కుడిచేత్తో పట్టి దిద్దించడం కన్నా, మనం రాసి చూపిస్తే చూసి అనుసరించడం వారికి తేలిక. తరగతిలో బెంచీకి ఎడమ చివర కూర్చోబెడితే పక్కవాడి మోచెయ్యి తగలదు. ఇంటర్, డిగ్రీ కళాశాలలలో కుడివైపు పలక బిగించిన కుర్చీలు కొనేటప్పుడు ప్రతి పదింటికి ఒకటి ఎడమవైపు పలకతో తెప్పించమని యాజమాన్యాలను తల్లిదండ్రులు అడగాలి. మూడు గంటల పరీక్షను నడుము మెలితిప్పుకుని రాస్తున్న పిల్లలు ప్రతి హాలులోనూ ఇద్దరో ముగ్గురో ఉంటారు.